దూర ప్రయాణంలో చేతుల మాట కూడా విందాం

(రహదారి భద్రతా మాసం సందర్భంగా పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో జరిగిన సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రహదారి భద్రత అనగానే హెల్మెట్, వేగం, మద్యం అనే మూడు మాటలు ఏటా వింటున్నాం. వాటిని తక్కువ చేయడానికి నేను నిలబడలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ తప్పనిసరి అంటుంది. 2019 సవరణ తర్వాత అది లేకపోతే 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా ఉన్నాయి. అది అందరికీ తెలిసిన పాఠమే. ఈ రోజు నేను తీసుకున్న విషయం చేతులు. రోజంతా బండి హ్యాండిల్ పట్టుకునే ఈ చేతుల గురించి మనం మాట్లాడుకోవడం చాలా తక్కువ.

ఒకసారి బయట నిలిపిన బళ్ళు చూడండి. స్కూటర్లు, వంద సీసీ బళ్ళు, నాలుగైదు బుల్లెట్లు ఉన్నాయి. ఫీల్డ్ ఆఫీసరుకు పంట రుణాల తనిఖీ కోసం బాహూరు వైపు, విల్లియనూరు వైపు తిరుగుడు తప్పదు. రికవరీ చూసేవారికి సాయంత్రాలు కూడా బండి మీదే. బీసీ మిత్రులైతే మైక్రో ఏటీఎం సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరగాలి. ఇక నాలాగా యానాం నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్ళకు పండగకు ఊరెళ్ళాలంటే ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్ళడానికి రెండు రాష్ట్రాలు దాటే అదృష్టం మనకే ఉంది! రైలు టికెట్ దొరికితే రైలే మేలు అని ముందే చెబుతున్నాను. అయినా బండి మీద వెళ్ళే కుర్రాళ్ళు మనలో ఉన్నారని నాకు తెలుసు.

మన బీసీ మిత్రుడు ఒకాయనకు ఏం జరిగిందో చెబుతాను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. రోజుకు అరవై డెబ్బై కిలోమీటర్లు తిరిగే మనిషి. మొదట సాయంత్రం ఇంటికి చేరేసరికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కేవి. విదిలిస్తే పోయేది. కొన్నాళ్ళకు రాత్రి నిద్రలో కూడా తిమ్మిరి వచ్చి లేచి కూర్చునేవాడు. ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం లెక్కలో ఐదు వందలు తేడా వచ్చింది. ఇంకో వారానికి మళ్ళీ తేడా. రెండుసార్లూ సొంత జేబులోంచి కట్టాడు. కారణం తర్వాత తెలిసింది. రెండు నోట్లు అంటుకుని ఉన్నా వేలికి తెలియడం లేదు. నోటు లెక్కపెట్టేది కన్ను కాదు, వేలు అని క్యాష్ కౌంటరులో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. ఆ వేలే మొద్దుబారితే ఆయన జీవనాధారమే కదిలిపోయినట్టు. డాక్టరు నరాల పరీక్ష చేయించి, మణికట్టులో నరం నొక్కుకుపోతోందని తేల్చారు. రాత్రిపూట పట్టీ కట్టుకోమన్నారు, బండి నడిపే పద్ధతి మార్చుకోమన్నారు. కొన్ని నెలల్లో బాగుపడ్డాడు. ఈ రోజు మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు.

అసలు చేతిలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకుందాం. మణికట్టు దగ్గర ఎముకలూ, వాటి మీద గట్టి పట్టీ లాంటి కండరబంధనం కలిసి ఒక ఇరుకు సొరంగంలా ఉంటాయి. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ అనే నరం ఆ సొరంగంలోంచే వెళ్ళాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, వీటి స్పర్శ ఆ నరానిది. మణికట్టు వెనక్కి గానీ ముందుకి గానీ వంగినప్పుడు సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. రేజ్ ఇవ్వడానికి కుడి మణికట్టును గంటల తరబడి కిందికి వంచి ఉంచితే ఆ నరం మీద ఎంత భారం పడుతుందో ఊహించండి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అల్నార్ అనే ఇంకో నరానివి. అది అరచేతిలో చిటికెన వేలు వైపు మడమ దగ్గర పైపైనే ఉంటుంది. ఒంటి బరువంతా హ్యాండిల్ మీద మోపితే నొక్కుకునేది ఆ నరమే. సైకిలు మీద దూరాలు వెళ్ళేవారికి కూడా ఈ బాధ బాగా తెలిసిందే. కాబట్టి ఏ వేళ్ళకు తిమ్మిరి వస్తోందో చూసుకుంటే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. బొటనవేలు వైపైతే మణికట్టు వంపు చూడాలి. చిటికెన వేలు వైపైతే అరచేతి మీద బరువు చూడాలి.

మూడో శత్రువు అదురు. దీని మీద వైద్యులు దృష్టి పెట్టి వందేళ్ళు దాటింది. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫోర్డ్‌లో రాళ్ళు చెక్కే కార్మికులను పరిశీలించారు. గాలి సుత్తి పట్టిన చేతుల్లో వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారడం ఆమె గమనించి రాశారు. ఇప్పుడు ఐరోపా దేశాల్లో 2002 నాటి ఆదేశం ప్రకారం కార్మికుడి చేతికి రోజుకు ఇంతకు మించి అదురు తగలకూడదని హద్దు కూడా ఉంది. మన బండి గాలి సుత్తి కాదు, నిజమే. కానీ గట్టిగా పట్టుకున్న కొద్దీ అదురు చేతిలోకి ఎక్కువగా ఎక్కుతుందన్న సూత్రం రెండింటికీ ఒకటే.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకోండి: వంపు, బరువు, అదురు. ఇక చెప్పేవన్నీ ఈ మూడింటిని తగ్గించే మార్గాలే.

మొదట బండి సంగతి. పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగింది లీవర్ల సర్దుబాటు. సెంటర్ స్టాండ్ వేసి, మీరు మామూలుగా కూర్చునేట్టు కూర్చోండి. చేతులు హ్యాండిల్ మీద పెట్టి వేళ్ళు చాచండి. మోచేయి నుంచి వేళ్ళ కొస దాకా ఒకే గీతలో ఉండి, ఆ వేళ్ళు నేరుగా బ్రేకు, క్లచ్ లీవర్ల మీద వాలాలి. లీవరు అందడానికి మణికట్టు పైకి ఎత్తాల్సి వస్తే లీవరు మరీ ఎత్తుగా ఉన్నట్టు. మెకానిక్‌కు చెబితే బిగింపు వదులు చేసి కాస్త తిప్పి మళ్ళీ బిగిస్తాడు. ఐదు నిమిషాల పని. షోరూములో బండి ఇచ్చేటప్పుడు ఎవరికో సరిపోయేట్టు బిగించి ఇస్తారు, మన చేతికి కాదు. మన ఆడపడుచులు ఈ మాట ముఖ్యంగా గమనించాలి. చిన్న చేతులకు లీవరు దూరమైతే వేళ్ళ కొసలతో లాగాల్సి వస్తుంది, పట్టు రాదు. కొన్ని బళ్ళకు దూరం సర్దే లీవర్లు దొరుకుతాయి, అడిగి చూడండి.

రెండోది క్లచ్ వైరు. వైరు ఎండిపోయినా, లోపల పోగులు తెగడం మొదలైనా లీవరు రాయిలా అవుతుంది. ఈ ఊళ్ళో సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుందని మీకు తెలుసు. సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా వైరులో నూనె వేయమని అడగండి. అరిగిపోతే మార్చేయండి, చాలా బళ్ళకు అది చవక సామానే. లీవరు కొస దగ్గర చాలా బళ్ళకు పది పదిహేను మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మీ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. యాక్సిలరేటర్ పిడి వదిలిన వెంటనే తనంతట తాను వెనక్కి రావాలి. బరువుగా తిరుగుతుంటే ఆ వైరు కూడా చూపించండి.

మూడోది అదురు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవడం. టైర్లలో గాలి, చైను బిగువు, చక్రాల బేరింగులు, హ్యాండిల్ కింద ఉండే కోన్‌సెట్, ఇంజను బోల్టులు, ఇవి సరిగా ఉంటే సగం అదురు పోతుంది. గాలి ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఒకే సిలిండరు ఇంజనుకు అదురు పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని తగ్గించడానికే కంపెనీలు లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతాయి. 2021లో కొత్తగా వచ్చిన క్లాసిక్ 350 నడిపినవాళ్ళు, పాత బండితో పోల్చి చెప్పే తేడాకు ముఖ్య కారణం అదే. మీది ఏ బండి అయినా, ఏదో ఒక వేగం దగ్గర మిగతా వేగాల కంటే ఎక్కువ అదురుతుంది. ఆ వేగం గుర్తుపట్టి, దూర ప్రయాణంలో దానికి కాస్త కిందే నడపండి. హ్యాండిల్ చివరల్లో ఉండే బరువులు అలంకారం కాదు, అదురు తగ్గించేవే. పడిపోతే మళ్ళీ పెట్టించండి. గట్టిపడి నున్నబడిన గ్రిప్పులు మార్చండి. నున్నటి గ్రిప్పును జారకుండా పట్టుకోవడానికి చేయి రెట్టింపు కష్టపడుతుంది.

ఇప్పుడు మనిషి సంగతి. హ్యాండిల్ ఉన్నది బండిని తిప్పడానికి, మనల్ని మోయడానికి కాదు. మన బరువు సీటు మీద, ఫుట్‌రెస్టుల మీద ఉండాలి. మోకాళ్ళతో ట్యాంకును మెత్తగా నొక్కి పట్టండి, నడుము నిలబడుతుంది, అరచేతుల మీద బరువు దానంతటదే తగ్గుతుంది. మోచేతులు కొద్దిగా వంచి ఉంచండి. సరిగా కూర్చున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద, సమంగా వెళ్తున్నప్పుడు, మోచేతులను కోడి రెక్కల్లా ఒకసారి ఆడించండి. తేలిగ్గా ఆడితే మంచిదే. ఆడలేదంటే మీరు హ్యాండిల్ మీద వేలాడుతున్నట్టు.

పట్టు ఎంత ఉండాలి? బాగా మగ్గిన జామకాయ పట్టుకున్నట్టు. జారిపోకూడదు, నలగకూడదు. భయం వేసినప్పుడు, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు మనకు తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది. బిగించడం తప్పు కాదు, ఆ తర్వాత వదలడం మరిచిపోవడమే సమస్య. పది నిమిషాలకోసారి ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ఆడించండి. కుడిచేతి మణికట్టు కిందికి జారితే, ఒక క్షణం రేజ్ తగ్గించి, చేతిని కాస్త ముందు నుంచి మళ్ళీ పట్టుకోండి. ట్రాఫిక్‌లో సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి పట్టుకుని నిలబడకుండా న్యూట్రల్ చేయండి. మన ఊళ్ళో ఇందిరాగాంధీ విగ్రహం కూడలి దగ్గర ఒక్క సిగ్నల్‌లో చేతికి దొరికే ఆ విశ్రాంతి చిన్నది కాదు.

సంచుల మాట కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్, ఫైళ్ళు, మైక్రో ఏటీఎం, టిఫిన్ డబ్బా అన్నీ కలిపి భుజాన వేసుకుంటే ఆ బరువు మెడను, భుజాలను కిందికి లాగుతుంది. ఆ భారం చివరకు దిగేది అరచేతుల్లోకే. వీలైనంత వరకు వెనక సీటు మీద తాడుతో కట్టండి, లేదా పక్క పెట్టె పెట్టించండి. నగదు ఉన్న సంచి సంగతి వేరు, దానికి బ్యాంకు నియమాలు ఉన్నాయి, వాటినే పాటించాలి. చేతి గ్లవ్స్ వేసుకోండి, కానీ బిగుతుగా ఉన్నవి వద్దు. అరచేతిలో కుట్టు గుచ్చుకునేవి అసలు వద్దు. మరీ లావుగా ఉంటే పట్టుకోవడానికి ఇంకా బలం కావాలి. గడియారం పట్టీ కూడా ఒక రంధ్రం వదులు చేసుకోండి.

ఇక వేగం. గాలి తాకిడి వేగంతో పాటు సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్ళారంటే గాలి తోపు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటి 1.8 రెట్లకు దగ్గరవుతుంది. ఆ గాలికి ఎదురు నిలవడానికి మనం చేతులతో హ్యాండిల్‌ను లాగి పట్టుకుంటాం. మరక్కానం ఉప్పు మళ్ళ దగ్గర సముద్రపు గాలి పక్కనుంచి కొట్టేటప్పుడు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ పది కిలోమీటర్ల వేగం తగ్గిస్తే చేతులకు ఎంత హాయిగా ఉంటుందో చూడండి.

యానాం దాకా వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. రెండు రోజుల్లో కొట్టేయాలని చూడకండి. చెన్నై మీదుగా మొదటి రోజు నెల్లూరు, రెండో రోజు విజయవాడ, మూడో రోజు యానాం, ఇలా పంచుకోండి. గంటకోసారి ఆగండి. టీ తాగకపోయినా పర్వాలేదు, దిగి నడవండి. చేయి ముందుకు చాచి, ఇంకో చేత్తో వేళ్ళను మెత్తగా వెనక్కి వంచి పదిహేను సెకన్లు ఉంచండి. అలాగే కిందికి వంచి మరో పదిహేను సెకన్లు. పిడికిలి బిగించి, వేళ్ళు పూర్తిగా విప్పండి, ఐదారుసార్లు. భుజాలు వెనక్కి తిప్పండి. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు. ఎండాకాలంలో నీరు తక్కువైతే కండరాలు పట్టేస్తాయి, చూపు మందగిస్తుంది. మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, తాటి ముంజలు దారంతా దొరుకుతాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. చీకటి పడ్డాక ప్రయాణం వద్దు.

ఇంతవరకు బండి గురించి చెప్పాను. కానీ మన చేతులు బండి దిగాక కూడా విశ్రాంతి తీసుకోవు. కంప్యూటరు ముందు మౌసు పట్టుకున్నప్పుడు మణికట్టు మళ్ళీ అదే వంపులో ఉంటుంది. ఇంటికెళ్ళాక ఫోను. అంటే ఒకే ఖాతాలో మూడు చోట్ల నుంచి డబ్బు తీస్తున్నాం, వేసేవాళ్ళు ఎవరూ లేరు. మోచేయి బల్ల మీద ఆనించి, మణికట్టు నిటారుగా ఉంచి పని చేయండి. కుర్చీ ఎత్తు సర్దుకోండి. ఫీల్డుకు వెళ్ళివచ్చిన రోజు గంటల కొద్దీ డేటా ఎంట్రీకి కూర్చోకుండా మధ్యమధ్యలో లేవండి. మేనేజర్లకు నా మనవి ఏమిటంటే, వీలైతే ఒకే ఊరి పనులన్నీ ఒకే రోజు పెట్టండి. తిరుగుడు తగ్గుతుంది, పని కూడా తొందరగా అవుతుంది.

చివరగా హెచ్చరిక గుర్తులు. మనకు అర్థమయ్యే భాషలో చెబుతాను. బాకీ గడువు దాటిన 30 రోజుల లోపు ఎస్‌ఎంఏ-0, 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ. చేతికీ ఇలాంటి మెట్లే ఉన్నాయనుకోండి. బండి దిగి విదిలిస్తే పోయే తిమ్మిరి మొదటి మెట్టు. అప్పుడు బండిని, కూర్చునే తీరును సర్దుకుంటే చాలు. రాత్రి నిద్రలోంచి లేపే తిమ్మిరి రెండో మెట్టు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువు జారిపోవడం, సంతకం వంకర పోవడం మూడో మెట్టు. బొటనవేలి మొదట్లో ఉండే కండ పల్చబడితే అది నాలుగో మెట్టు, అప్పటికి పూర్తిగా వెనక్కి రావడం కష్టం. ఖాతా ఎన్‌పీఏ కాకముందే ఇంటికెళ్ళి పలకరించే మనం, మన చేతి విషయంలో మాత్రం ఎన్‌పీఏ అయ్యేదాకా ఎందుకు ఆగాలి?

ఇంట్లో చేసుకునే ఒక పరీక్ష చెబుతాను. రెండు మోచేతులు బల్ల మీద ఆనించి, చేతులు నిలువుగా ఉంచి, మణికట్లను కిందికి వేలాడనివ్వండి. ఒక నిమిషం అలా ఉంచండి. ఆ లోపే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్ళలో తిమ్మిరి వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. దీనికి జార్జ్ ఫాలెన్ అనే అమెరికన్ సర్జన్ పేరు మీద ఫాలెన్ పరీక్ష అంటారు. ఇది సూచన మాత్రమే, నిర్ధారణ డాక్టరే చేయాలి. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి, గర్భిణులకు ఈ నరం తొందరగా ఇబ్బంది పడుతుంది. మెడలో నరం నొక్కుకున్నా, విటమిన్ బి12 తక్కువైనా చేతుల్లో తిమ్మిరి వస్తుంది. అందుకే మందుల షాపులో బి కాంప్లెక్స్ మాత్రలు కొని మింగుతూ నెలలు గడపకండి. ఇందిరా నగర్‌లో ఉన్నవాళ్ళకు ఆ సాకు అసలు లేదు, జిప్మర్ కూతవేటు దూరంలో ఉంది. తొలి మెట్ల మీదే పట్టుకుంటే రాత్రిపూట పట్టీ, అలవాట్ల మార్పు చాలామందికి సరిపోతాయి. ఆలస్యమైతే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఒక్క మాట. ముందు బ్రేకు మన కుడిచేతి వేళ్ళ కింద ఉంది. బండి ఆగే బలంలో పెద్ద భాగం దానిదే. దారికి అడ్డంగా పిల్లవాడు పరుగెత్తుకొచ్చినప్పుడు, ఆ క్షణంలో వేళ్ళు మొద్దుబారి ఉంటే బ్రేకు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఖరీదు మనం కట్టేది కాదు, ఆ పిల్లవాడు కడతాడు. అందుకే చేతుల హాయి విలాసం కాదు, రహదారి భద్రతలో భాగమే అని నేను అంటున్నాను.

ఈ వారంలోనే ఒక పని చేయండి. బండి మీద కూర్చుని లీవర్లు మీ చేతికి సరిపోతున్నాయో లేదో చూసుకోండి. పక్కవాళ్ళ బండి కూడా చూడండి. శనివారం మధ్యాహ్నం మన శాఖ దగ్గరికి మెకానిక్‌ను రప్పించడానికి మేనేజరు గారు ఒప్పుకున్నారు. కావలసినవాళ్ళు గేటు దగ్గర కాగితం మీద పేరు రాయండి. ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.